ముక్కిన జొన్నల పాతర

మా నాయన తొందర మనిషి. మంచివాడే, ఒళ్ళు దాచుకోకుండా పని చేసేవాడే. కానీ ఒక మాట మనసులో పడిందంటే అది చేసి తీరేదాకా ఎవరు ఏం చెప్పినా చెవికెక్కేది కాదు. ఆ గుణం నాకూ వచ్చిందని ఇంట్లో అంటారు. అననీ.

మాది కర్నూలు దిక్కున ఒక నల్లరేగడి పల్లె. రేగడిలో పండిన జొన్నలను మేము పాతరలో పోసేవాళ్ళం. పాతరంటే కల్లం పక్కన నిలువెత్తు కన్నా లోతుగా తవ్విన గుంత. నోరు చిన్నది, కడుపు పెద్దది. లోపల చుట్టూ జొన్నచొప్ప పేర్చి, గింజ పోసి, పైన మళ్ళీ చొప్ప పరిచి మన్ను మెత్తేవాళ్ళు. బాగా ఎండిన గింజయితే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పచ్చిదయితే భూమిలోనే ఉడికి పాడవుతుంది. ఎండిందీ లేనిదీ తేల్చేది మా అవ్వ, నాయన తల్లి. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికేది. పటుక్కుమంటేనే పాతర తెరవనిచ్చేది.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. రాశి కల్లంలో ఉండగానే మబ్బు పట్టింది. నాయనకు కాలు నిలవలేదు. అవ్వ గింజ కొరికి చూసింది.

"ఇంగా పచ్చి ఉండాది నాయనా. ఇంగ నాలుగెండలు తగలల్ల."

"వాన పడితే కల్లంలోనే మొలకెత్తుతాది. అప్పుడేం చేస్తాం?"

"చొప్ప కప్పుదాం. ఇంట్లోకి మోసుకుందాం. పాతరలో మాత్రం వద్దు."

నాయన వినలేదు. ఆ పొద్దే పాతర నింపించి మన్ను మెత్తించాడు. చుక్క వాన పడలేదు. మర్నాడు మబ్బు విడిచి, ఎండ మామూలుగా కాసింది.

ఎండాకాలంలో జొన్నలకు మంచి ధర వచ్చిందని ఊరంతా పాతరలు తీశారు. మా పాతర నోరు తీయగానే వేడి ఆవిరి కొట్టింది, వెంట ముక్కు పగిలే కంపు. పై గింజంతా నల్లగా గడ్డకట్టి ఉంది. కొనడానికి వచ్చిన షావుకారు పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాడు. పక్కింటాయన మాటకారి. "ఏమప్పా, సారాయి బట్టీ పెట్టినావా?" అన్నాడు. వీధంతా నవ్వారు. నాయన మళ్ళీ మన్ను కప్పేశాడు. ఆ తర్వాత ఇంట్లో పాతర మాట ఎత్తడానికి లేదు. 'నేను చెప్పలేదా' అని అవ్వ ఒక్కసారి కూడా అనలేదు. నేనైతే అనేదాన్ని.

తర్వాత వానలు ఎగ్గొట్టాయి. తొలకరి ముంగారీ లేదు, వెనకటి వానల హింగారీ లేదు. రేగడి చేను కాలు దూరేంత నెర్రెలు విచ్చింది. అమ్ముకున్న వాళ్ళ చేతిలో ఏదో కొంత ఉన్నా, కొందామంటే ఊళ్ళో గింజ లేదు. సర్కారు కరువు పనిలో కంకర కొట్టి తెచ్చిన కూలి అంబలికే సరిపోయేది కాదు. బలుసాకు ఉడకబెట్టుకున్నాం. ముళ్ళు కాల్చి జెముడు పండ్లు తిన్నాం. అమ్మ అప్పటికి వట్టి మనిషి కాదు.

ఆ తిండికి మా తమ్ముడి కడుపు తట్టుకోలేదు. వాడికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. విరేచనాలు పట్టుకుని, కళ్ళు లోపలికి పోయి, అమ్మ ఒళ్ళోనే వెళ్ళిపోయాడు. అమ్మకు గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేదు. ఆ సంగతి రాయడం నాకు ఇష్టం లేదు, కానీ అది రాయకుండా తక్కినది రాస్తే అబద్ధమవుతుంది.

మరో నెల గడిచింది. చుట్టూ ఇండ్లకు తాళాలు పడుతున్నాయి. మనమూ కృష్ణ అవతలికి పోదామని నాయన అన్నాడు. అమ్మకు గడప దాటడానికే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. అన్ని ఆమడలు నడిస్తే ఆమె, కడుపులో బిడ్డ దోవలోనే పోతారని నాయనకూ తెలుసు.

అవ్వ అప్పుడు నోరు తెరిచింది. "పాతర తీయి."

"అది కుళ్ళిన గింజ. గొడ్లు గూడ ముట్టవు."

"పైన చూసినావు. అడుగున చూసినావా?"

నాయన తల దించుకున్నాడు. "చూడల్యా" అన్నాడు.

"నాకూ తోచల్యా. నేనూ ఆ మాటే ఎత్తకుంటి. పో, మల్లన్న పేరు తల్చుకోని తీయి."

పాతర తీసి ఒక పగలూ రాత్రీ అలాగే వదిలేశారు. లోపలి గాలికి మనుషులు చచ్చిపోతారు. మర్నాడు తాడు కట్టి దీపం దించారు. అది ఆరలేదు. నాయన దిగి గడ్డపారతో పై గడ్డను పగలగొట్టాడు. మూరెడు మందాన అంతా మసి. దాని కింద జొన్నలు ఎర్రబారి, ముక్కి, కంపు కొడుతున్నా గింజ గింజగా ఉన్నాయి. నాయన గంప నింపి తాడు కదిలించాడు.

కడిగి, ఎండబెట్టి, వేయించి, విసిరి అవ్వ సంగటి చేసింది. ఎంత కడిగినా వాసన పోలేదు. అమ్మ ముద్ద చేతిలోకి తీసుకుని చాలాసేపు దాన్నే చూసింది.

"పోయిన నెల గూడ ఇది ఈడనే ఉండె గదా అత్తా" అంది.

నాయన కంచం ముందునుంచి లేచి బయటికి పోయాడు. అమ్మ ముద్ద మింగింది. ఇంకొకటి మింగింది. కడుపులో బిడ్డ కోసం తింటోందని నాకు తెలుస్తూనే ఉంది.

పెరట్లో అవ్వ నాయనతో అన్న మాటలు నేను విన్నాను. "నీ తప్పు తప్పే నాయనా. నాదీ తప్పే. పిల్లోడు పోయినాడు, దాన్ని తుడిచేది ఎవురి చేతా కాదు. కానీ ఆ పొద్దు మంచి గింజ పోసింటే ఎండాకాలంలోనే అమ్మేసింటివి. ఈ పొద్దు ఏం తిందుము? నువ్వు చెడగొట్టిన దాంట్లోనే ఆ మల్లన్న మనకు కూడు దాచిపెట్టినాడు. లేచి తిను."

ఊళ్ళో మిగిలిన వాళ్ళకూ అవ్వ గింజ పెట్టించింది. పక్కింటాయన గుడ్డ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. నాయన కొలవకుండా పోశాడు.

అన్నీ మన మంచికే అని తేలిగ్గా అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తమ్ముడు పోవడం ఎవరి మంచికి? అవ్వ ఆ మాట ఎన్నడూ అనలేదు. చెడ్డది చెడ్డదే అనేది, దేవుడు మాత్రం దాని దగ్గరే ఆగిపోడు అనేది. నాకు ఆ నమ్మకం అంత సులభంగా రాలేదు. వచ్చినంత వరకు అమ్మను చూసి వచ్చింది.

ఆ జొన్నలతోనే కాలం గడిచి, అమ్మకు ఆడపిల్ల పుట్టింది. చిన్నదే, కానీ గట్టిగా ఏడ్చింది. వానలు పడ్డాక వచ్చిన శివరాత్రికి నాయన మొక్కుకున్న మొక్కు తీర్చడానికి అందరం నల్లమల అడవి దాటి శ్రీశైలం నడిచాం. అక్కడ ఎవరైనా మల్లన్న లింగాన్ని తాకి, తల ఆనించి మొక్కవచ్చు. అమ్మ ముందు చెల్లెలి తల ఆనించింది, తర్వాత తన తల. వెనక జనం తోస్తున్నారు. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను కాబట్టి ఆమె మాట నాకు వినబడింది.

"ఈ బిడ్డనిచ్చినావు, మొక్కుతాండా. వాన్ని ఎందుకు తీసుకపోతివో నువ్వే చెప్పల్ల సామీ. చెప్పేదాంకా వస్తాంటా."

పూజారి కదలమంటే కదిలింది. కాళ్ళలో సత్తువ ఉన్నంతకాలం అమ్మ ప్రతి శివరాత్రికీ ఆ అడవి దాటి పోయింది. అవ్వ పోయాక కూడా, నాయన పోయాక కూడా. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక ఒక ఏడు, ఆమె దోవకు సద్ది మూట కట్టుకుంటుంటే అడిగాను.

"ఆయన చెప్పినాడా అమ్మా?"

"ఇంగా చెప్పల్యా" అంది అమ్మ, మూట ముడి బిగిస్తూ. "చెప్తాడు."