నో ప్రాబ్లమ్ అంకుల్ అమ్మజూపిన నీలం కారు

చదువు ముగిసి, మొదటి ఉద్యోగంలో ఇంకా చేరని ఆ కాస్త వ్యవధి ఉంటుందే, అప్పుడు మనిషికున్నంత తెలివి జీవితంలో మళ్ళీ రాదు. నాకైతే అప్పట్లో తెలియని విషయమంటూ లేదు. (ఏమేం తెలియవో కూడా తెలియనప్పుడు కలిగే సుఖమది.) షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో అక్కావాళ్ళింట్లో దిగి, సోమవారం ఉద్యోగంలో చేరడానికి కొత్త చెప్పులతో సహా అన్నీ సిద్ధం చేసుకున్నాక, ఆఫీసుకు ఎలా వెళ్ళాలో చూశాను. ఒక ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో పని. ఆసుపత్రి మొక్కజొన్న చేల మధ్య ఉంది. పొద్దున్నే రైళ్ళన్నీ జనాన్ని నింపుకుని షికాగో వైపు పోతాయి. నేను వెళ్ళాల్సింది సరిగ్గా దానికి ఎదురు దిక్కున. "ఇంత పెద్ద దేశంలో అటు ఒక్క బస్సు కూడా పోదా?" అని నోరు వెళ్ళబెట్టాను. "బస్సా?" అంది అక్క, నేనేదో గుర్రపుబండి అడిగినట్టు.

కారు కొనక తప్పదని తేలింది. ఆ మాట ఇంట్లో అనుకోగానే బావ ముఖం గంభీరంగా మారిపోయింది. కారు విషయంలో మా బావంత జాగ్రత్తపరుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. నేను వెనక సీట్లో కూర్చున్నా ముందు అద్దంలోంచి నన్ను చూసి "బెల్ట్?" అనేవాడు. కారు ఆపి, బ్రేకు వేసి, దిగి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి కిటికీ అద్దంలోంచి గేరు వైపు తొంగి చూసేవాడు. అక్కకి అదంతా గర్వం. "మీ బావ చేతిలో కారుకి గీత కూడా పడదు" అని అందరికీ చెప్పుకునేది.

అక్క స్నేహితురాలి ద్వారా ఒక అంకుల్ నంబరు దొరికింది. ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఇంజనీరు, రిటైరయ్యాడు. వేలంలో దెబ్బతిన్న కార్లు కొని, ఇంటి గరాజ్‌లో బాగుచేసి అమ్మడం ఆయన సరదా. ఏమడిగినా "నో ప్రాబ్లమ్" అంటాడని ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా ఆయన్ని నో ప్రాబ్లమ్ అంకుల్ అనే పిలిచేవారు. ఫోన్ చేస్తే, "మంచి నీలం కారుందమ్మా. సాల్వేజ్ టైటిల్, ముందే చెప్తున్నా. కానీ నో ప్రాబ్లమ్" అన్నాడు. టైటిల్ అనగానే నాకు బిరుదు గుర్తొచ్చింది. కార్లకి కూడా ఏవో బిరుదులిస్తారు కాబోలనుకుని, ఆ రాత్రి భోజనాల దగ్గర గొప్పగా ప్రకటించాను. "బావా, మామూలు కారు కాదు. సాల్వేజ్ టైటిల్ కూడా ఉందట!"

బావ చేతిలోని చపాతీ ముక్క నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"టైటిల్ అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం. సాల్వేజ్ అంటే, ఇక బాగుచేయడం దండగ అని ఇన్సూరెన్స్ వాళ్ళు వదిలేసుకున్న కారు. పూర్తిగా రిపేర్ చేసి, స్టేట్ వాళ్ళతో ఇన్‌స్పెక్షన్ చేయించుకుంటే గానీ రోడ్డెక్కనివ్వరు" అన్నాడు. అంటే చచ్చి బతికిన కారన్నమాట. కానీ ఆ ధరకి మంచి కారు ఇంకెక్కడా దొరకదని అక్క అంది. చూడటానికేం పోయిందని నేనన్నాను. బావ ఏదో గొణిగాడు గానీ, శనివారం మాతో బయల్దేరాడు.

అంకుల్ ఇంటి ముందు కారు తళతళలాడుతోంది. నెమలి మెడలాంటి నీలం. నేను అక్కడికక్కడే మనసు పారేసుకున్నాను. బావ మాత్రం దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, వెళ్ళి పోస్టు డబ్బా పక్కన నిలబడి, వీధి చివరనున్న ఎవరిదో చెత్తబుట్టను దీక్షగా చూడసాగాడు.

"ఏమండీ, ఇది అచ్చం మన పాత కారులా లేదూ?" అంది అక్క. ఆ పాత కారు అక్కకి ప్రాణం. డ్రైవింగ్ నేర్చుకుంది దాంట్లోనే. ఒక వేసవిలో అక్క హైదరాబాద్ వెళ్ళినప్పుడు, మంచి బేరం వచ్చిందని బావ దాన్ని అమ్మేశాడట.

"ఈ రంగు కార్లు ఊరినిండా ఉన్నాయి" అన్నాడు బావ, చెత్తబుట్ట మీదినుంచి చూపు తిప్పకుండా.

"డాష్‌బోర్డ్ మీద మన వినాయకుణ్ణి అతికించిన చోటే జిగురు మచ్చ కూడా ఉందండీ!"

"మనవాళ్ళందరూ అక్కడే అతికిస్తారు."

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. అంకుల్ ఇంటి ముందున్న పొడుగాటి దారిలోనే ముందుకీ వెనక్కీ నడిపాను. ఎడమకి తిప్పితే కిటికీ అద్దం దానంతటదే కిందికి దిగింది. "గాలి బాగా వస్తుంది, నో ప్రాబ్లమ్" అన్నాడు అంకుల్. కుడికి తిప్పితే వైపర్లు ఊగడం మొదలుపెట్టాయి. "ఆ చిన్న వైరు నేను చూసిస్తాగా." (ప్రేమలో పడ్డవాళ్ళకి ఇలాంటివి లోపాల్లా కనిపించవు. నాకది కారు చలాకీతనంలా కనిపించింది.)

"బావా, తీసుకుందామా?"

"వద్దు."

"ఎందుకు?"

"ఊరికే. వద్దంటే వద్దు."

నాకు ఒళ్ళు మండింది. "నా జీతం, నా కారు" అన్నాను చేతులు కట్టుకుని. (ఇంకా ఒక్క జీతమూ ముట్టలేదు.) అక్క నా పక్షం చేరింది. ఆంటీ టీ కప్పులతో బయటికి వచ్చి ఆవిడా నా పక్షం చేరింది. అంకుల్ నచ్చజెప్పే గొంతుతో, "పెద్ద యాక్సిడెంట్ కాదు బాబూ. కొంచెం వాటర్ డ్యామేజ్. కార్పెట్లు తడిశాయంతే. ఎవరో పాపం వానలో అద్దాలు తీసి వదిలేసినట్టున్నారు" అన్నాడు. "అయితే తీసుకుంటాను అంకుల్" అన్నాను.

అప్పుడు పోస్టు డబ్బా దగ్గరనుంచి బావ గొంతు వినబడింది. "కార్పెట్లు కాదు. టాప్ దాకా మునిగింది."

అంకుల్ నవ్వాడు. "నీకెలా తెలుసు బాబూ?"

వైపర్లు ఇంకా ఊగుతున్నాయి.

"ఒడ్డున నిలబడి చూశాను కనక" అన్నాడు బావ.

అక్క ఆయన్ని, కారుని, మళ్ళీ ఆయన్ని చూసింది. ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, బావ మొత్తం చెప్పేశాడు. అక్క హైదరాబాద్‌లో ఉండగా ఒక సాయంత్రం చెరువు దగ్గరికి వెళ్ళాడట. పడవలు దించే ఏటవాలు దారి మీద కారాపి, సూర్యాస్తమయం అక్కకి ఫొటో తీసి పంపుదామని దిగాడట. బండి కదలకుండా పట్టి ఉంచే 'పార్క్' గేరు వేయడం మరిచిపోయాడు.

"మెల్లగా, చప్పుడు లేకుండా నా పక్కనుంచే వెళ్ళింది. ఎవరో చెరువులోకి కారు నడుపుకుంటూ పోతున్నారేంటి, పిచ్చోళ్ళు అనుకున్నా. సగం మునిగాక నంబర్ ప్లేట్ చూశా."

అంకుల్ గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్క మాత్రం చాలా నెమ్మదిగా అడిగింది. "నా పట్టుచీరలు?"

బావ తల దించుకున్నాడు. "డిక్కీలో. ఆ రోజే డ్రైక్లీనింగ్ నుంచి తెచ్చాను."

"డ్రైక్లీనర్ పోగొట్టాడన్నారు కదండీ! నేను వెళ్ళి ఎంత పోట్లాడాను! 'మీ హజ్బెండ్ తీసుకెళ్ళాడు మేడమ్' అని ఆ పెద్దాయన మొత్తుకుంటుంటే, షాపులో అందరి ముందూ, 'మై హజ్బెండ్ నెవర్ లైస్' అని అరిచి వచ్చానే!"

అప్పటిదాకా లోలోపల నవ్వాపుకుంటున్న నేను కూడా నేల చూపులు చూశాను.

అంకుల్ లేచి వచ్చి, నా చేతిలోంచి తాళంచెవి మెత్తగా తీసుకున్నాడు. "నీకిది అమ్మనమ్మా. అంత లోతు మునిగిందని నాకు తెలీదు. ఎయిర్‌బ్యాగ్ వైర్లేమయ్యాయో ఏమో, మొత్తం విప్పి చూడాలి. ప్రాబ్లమ్ ఉంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారని ఆంటీ తర్వాత చెప్పింది.

తిరుగుదారిలో అక్క ఒక్క మాటే మాట్లాడింది. "డ్రైక్లీనింగ్ షాపు దగ్గర ఆపండి." ముగ్గురం లోపలికి వెళ్ళాం. కౌంటర్ వెనకనున్న కొరియన్ పెద్దాయన అక్కను చూడగానే ఒకడుగు వెనక్కి వేశాడు. బావ ముందుకు వెళ్ళి, చీరల సంగతి, చెరువు సంగతి చెప్పి, చేతులు జోడించి క్షమించమన్నాడు. పెద్దాయన అంతా విని, కళ్ళద్దాలు తీసి, "చెరువా?" అని మళ్ళీ అడిగి, పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆగలేకపోయాడు. ఆ నవ్వు అంటుకుని అక్క కూడా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, బావ భుజం మీద ఒక్కటి గట్టిగా వేసి, మళ్ళీ నవ్వింది.

సోమవారం పొద్దున బావే నన్ను ఆఫీసులో దింపాడు. మరో కారు దొరికేదాకా రోజూ ఆయనే దింపాడు. తన ఆఫీసు వేరే దిక్కున ఉన్నా ఒక్కరోజూ ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం నీలం కారు పోయిందని మూతి ముడుచుకుని, కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చునేదాన్ని. ఆయన పలకరిస్తే పొడిపొడిగా జవాబు చెప్పేదాన్ని. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఆయన పరువు దక్కేదనీ, నా ప్రాణం కోసం ఆ పరువునే తీసి నడివీధిలో పెట్టాడనీ అప్పటి ఆ పిల్లకి తట్టనే లేదు. అప్పటి ఆయనకన్నా ఇప్పుడు నా వయసే ఎక్కువ. పక్క సీట్లో అలిగి కూర్చున్న ఆ తెలివైన అమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది. వీలైతే దాని నెత్తి మీద చిన్నగా మొట్టి, కాసేపు ఇటు తిరిగి మీ బావతో మాట్లాడవే, దారి తొందరగా అయిపోతుంది, అని చెప్పాలనిపిస్తుంది.