మోకాలి పైనుంచి అందిన గహ్వా

మా కఫీల్ పోయాడు. సౌదీలో నా వీసాకి పూచీ ఆయనే. హుఫూఫ్‌లో ఖర్జూరం తోటల మోటార్లు బాగుచేసే కొట్టు ఆయనది. అందులో వైండింగ్ పని నాది. పొద్దున షటరు ఎత్తుతుంటే ఆయన కొడుకు ఫోన్ చేసి, నాన్న లేడు, ఈరోజు కొట్టు తెరవకు అని మాత్రం చెప్పాడు. ఎత్తిన షటరు దించి అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. కఫీల్ చస్తే పీడా వదిలిందనుకునేవాళ్ళు మా జగిత్యాల వైపు ఊరూరా ఉంటారు. నేను మాత్రం ఏడ్చాను. ఎందుకో చెప్పాలి.

ఆయన ఎక్కడా తలుపుకి వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. ఎవరింటికి వెళ్ళినా బయట నిలబడి తన పేరు గట్టిగా చెప్పి, జేబులోని చాకు తీసి ఆ ఇంటివాళ్ళ చేతికిచ్చి, అప్పుడు లోపలికి వెళ్ళేవాడు. మా కూలీల గదికొచ్చినా అంతే. మేం నవ్వుకునేవాళ్ళం. ఆ చాకుతో ఉల్లిగడ్డలు కోసుకుని మళ్ళీ కడిగిచ్చిన రోజులూ ఉన్నాయి. ఎందుకు బాబా ఇదంతా అంటే, మా నానమ్మ అలా నేర్పింది అనేవాడు.

ఊళ్ళో ఆ కుటుంబాన్ని అర్నావూత్‌లు అంటారు. అంటే అల్బేనియా వాళ్ళని. పని లేని మధ్యాహ్నాల్లో ఆ కథ ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. ఎన్నో వందల ఏళ్ళ కింద వాళ్ళది కొండల్లో గొర్రెలు కాసే వంశం. గుర్రాలున్నాయి, కత్తులున్నాయి, కూలి ఎవరిస్తే ఆ రాజు తరఫున తలలు నరికేవాళ్ళు. ఒకనాడు వాళ్ళ పెద్ద, పగవాళ్ళ మనిషికి ఇంట్లో చోటిచ్చి రొట్టె పెట్టాడు. ఆ రొట్టె ముందే ఆ పెద్దాయన మేనల్లుడు అతన్ని పొడిచేశాడు. అతిథి నెత్తురు పళ్ళెంలో పడింది. చచ్చినవాడి వాళ్ళు వచ్చి ఇళ్ళు తగలబెట్టారు, బయటికి పరిగెత్తిన మగవాళ్ళని గుమ్మాల్లోనే నరికారు. మిగిలినవాళ్ళు చెల్లాచెదురయ్యారు. కొందరు దక్షిణానికి దిగి గ్రీకులయ్యారు. కొందరు సముద్రం దాటి ఇటలీలో కలిసిపోయారు. ఈయన పూర్వీకులు టర్కీ సుల్తాను మతమూ, ఫౌజులో కొలువూ పుచ్చుకుని, తరాల తర్వాత ఇక్కడికొచ్చి అరబ్బులయ్యారు. ఎక్కడికెళ్ళినా అందరూ ముందు వదిలేసింది వంశం పేరే. పేరుంటే కత్తి దారి కనుక్కుంటుందని వాళ్ళ భయం. నానమ్మ దగ్గరికొచ్చేసరికి ఆ భాషలో రొట్టెకున్న మాట ఒక్కటే మిగిలిందట, బుక్ అని.

నితాఖత్ చట్టం వచ్చిన ఏడాది ప్రతి కొట్టులో ఇంతమంది సౌదీలుండాలన్నారు. మా కొట్టులో లెక్కకొచ్చే సౌదీ ఈ అర్నావూత్ ఒక్కడే. ఆ మాట తలుచుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. తర్వాత నవ్వడానికేం మిగల్లేదు. ఒకరి పేరు మీద వచ్చి ఇంకొకరి దగ్గర పనిచేసేవాళ్ళని పట్టుకెళ్ళడం మొదలైంది. నా తమ్ముడు అలాంటివాడే. ఇఖామా పర్మిట్ మీదున్న కఫీల్ రియాద్‌లో ఎవరో, పని ఇక్కడ. వాణ్ణి తన పేరు మీదికి మార్చుకోవడానికి కఫీల్ కాగితాలు పెట్టాడు. అవి రాకముందే మా పక్కూరి టైల్స్ మేస్త్రీ తనిఖీలో దొరికి, తమ్ముడుండే గది చూపించి తాను బయటపడ్డాడు. తమ్ముడు పక్క డాబా మీదికి దూకబోయి కింద పడ్డాడు. నేను వెళ్ళేసరికి తల పగిలి, నెత్తురు ఇసుకలో ఇంకి నల్లగా ఉంది. ఇరవై మూడేళ్ళవాడు.

శవం ఊరికి వెళ్ళిన మర్నాడు సూక్ బజారులో మేస్త్రీ కనబడ్డాడు. నా చేతిలో పైపు రెంచి ఉంది. నాకు కోపం మామూలుగానే ముక్కు మీద ఉంటుంది, ఆరోజు ఒళ్ళంతా అదే. మొదటి దెబ్బకి వాడి భుజం విరిగింది. ఆ చప్పుడు విని సంతోషపడ్డాను. ఈరోజుకీ అందుకు సిగ్గులేదు. వాడు పరిగెత్తి, తెరిచున్న మొదటి గుమ్మంలో దూరాడు. అది మా కఫీల్ ఇల్లు. నేను చేరేసరికి ఆయన గడపలో అడ్డంగా నిలబడి, ఇనుము ఇక్కడిచ్చి లోపలికి రమ్మన్నాడు. నేను ఇవ్వలేదు, ఎత్తాను. రెండో దెబ్బ ఆయన కుడిచేతి మీద పడింది.

కొడుకులు నా మీదికొచ్చారు. కఫీల్ మీద చెయ్యెత్తిన పరాయివాడి గతేమిటో నాకు తెలుసు. ఆయన వాళ్ళని ఆపి, కింద పడ్డ రెంచి తీయించి, నన్ను మజ్లిస్‌లో, వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో, కూర్చోబెట్టాడు. ఎదురుగా మేస్త్రీ, చొక్కా అంతా నెత్తురు, ముందు ఇంటివాళ్ళు అప్పుడే పెట్టిన రొట్టె, సగం తిన్నది. కొడుకు గహ్వా, వాళ్ళ కాఫీ, పోశాడు. ఆయన కప్పు తీసుకుని నా ముందు కూర్చున్నాడు. అరబ్బీ హిందీ కలిపి అన్న ఆ మాటలు నాకు మా ఊరి మాటల్లాగే గుర్తున్నాయి.

"మావోళ్లల్ల పగ తీర్చుకోనోనికి గహ్వా మోకాలి కింది నుంచి ఇచ్చెటోళ్లు, అందరు చూస్తుండంగ. సిగ్గుతోని పోయి చంపి రావాలె. నేను నీకు పైనుంచి ఇస్తున్న. కుడిచెయ్యి లేస్తలేదు, ఎడమచేత్తో ఇస్తున్ననని తప్పు పట్టకు. నీ తమ్ముడు సచ్చిపోయిండు, నిజమే. వీడు నా రొట్టె తిన్నడు, అది గూడ నిజమే. ఇగ నీ ఇష్టం."

ఆ కప్పు తీసుకున్నాను. తాగుతూ గొడ్డులా ఏడ్చాను.

ఆసుపత్రిలో ఆయన నిచ్చెన మీంచి పడ్డానని చెప్పాడు. ఆ చెయ్యి మళ్ళీ తిన్నగా రాలేదు. కొట్టులో బరువేదన్నా ఉంటే, చెయ్యి విరగ్గొట్టినవాడివి నువ్వే ఎత్తు అని నన్నే పిలిచేవాడు. పరాయి పనివాళ్ళ మీద తలకింతని లెవీలు వచ్చాక మిగతావాళ్ళని ఒక్కొక్కరినీ ఎగ్జిట్ వీసా మీద ఊళ్ళకి పంపాల్సొచ్చింది. ప్రతివాణ్ణీ తన బండిలోనే ఎయిర్‌పోర్టులో దింపి, తిరిగొచ్చి ఆ పూట అన్నం మానేసేవాడు. మేస్త్రీని బంధువుల తోటలో పనికి పెట్టించాడు. క్షమించమని నన్ను ఒక్కనాడూ అడగలేదు. నేను క్షమించనూ లేదు. దారిలో వాడెదురైతే అవతలి పక్కకి వెళ్ళిపోయేవాణ్ణి.

ఈ మధ్యాహ్నం శ్మశానం గోడ బయట నిలబడ్డాను. లోపల వాళ్ళ ప్రార్థన, వాళ్ళ మట్టి. ఇక్కడ సమాధి మీద పేరు రాయరు, తలవైపు ఒక ఉత్త రాయి పెడతారంతే. జనం చాలామంది వెళ్ళిపోయాక, పక్కన ఎవరో వచ్చి నిలబడ్డట్టయింది. మేస్త్రీ. ఒక భుజం కిందికి వాలి ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. గోడ మీంచి తొంగి చూస్తే లోపల కొత్త మట్టికుప్పలు పక్కపక్కనే రెండున్నాయి. ఈరోజే ఇంకెవరినో కూడా పూడ్చినట్టున్నారు.

"అన్నా, బాబాది ఏది?" అన్నాడు.

అవతలి పక్కకి వెళ్ళిపోవడానికి నాకు చోటుంది.

"తెల్వది," అన్నాను.

ఇద్దరం అక్కడే నిలబడి చూశాం. ఒక ముసలాయన నీళ్ళ క్యాను తెచ్చి, తొందరేమీ లేకుండా, రెండింటి మీదా పోశాడు.