నీళ్లలో పడితే అవుట్

తొంభైల చివర్లో, భీమవరం దగ్గర మా ఊరి పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాక, క్రికెట్ ఆడడానికి మాకు మిగిలింది రెండు చెరువుల మధ్య గట్టు ఒక్కటే. ట్రాక్టరు పట్టేంత వెడల్పు. అటూ నీళ్లే, ఇటూ నీళ్లే. బంతి నీళ్లలో పడితే బ్యాట్స్‌మన్ అవుట్, ఆ పూటకి అందరికీ ఆట కట్టు. ఈ రూలు పెట్టింది మా నాన్న. బంతి కోసం పిల్లలు చెరువులోకి దిగితే అడుగున బురద రేగుతుందని, రొయ్య బెదిరి మేత మానేస్తుందని ఆయన భయం. రొయ్యకి బెదురేంటి, దానికి చెవులున్నాయా అని అడిగితే కసురుకునేవారు.

పదో తరగతి పరీక్షలయ్యాక టౌన్లో కాలేజీ గ్రౌండులో కోచింగుకి చేరాను. ఎలాగైనా జిల్లా జట్టులో ఉండాలన్నది నా పిచ్చి. నేరుగా కొట్టడంలో అక్కడ నన్ను మించినవాడు లేడు. కాళ్ల మీదకొచ్చే బంతిని మాత్రం, చంటిపిల్లాడైనా బాదేసేదాన్ని, వదిలేసేవాణ్ని. బ్యాటు లేచేది, సగంలో ఆగిపోయేది. ఎందుకో నాకూ అర్థమయ్యేది కాదు.

కోచ్‌ని మాస్టారు అనేవాళ్లం. తిట్టే రకం కాదు, అడిగే రకం.

"అటువైపు ఒక్క ఫీల్డరు కూడా లేడు కదా, ఎందుకు కొట్టవు?"

"అటు నీళ్లుంటాయండి," అనేశాను.

గ్రౌండంతా పగలబడి నవ్వింది. ఆయన నవ్వలేదు. "ఎక్కడి నీళ్లు?" అని కూర్చోబెట్టి మరీ అడిగారు. గట్టు సంగతంతా చెప్పాను.

మర్నాడు సంచి నిండా టెన్నిస్ బంతులు, పొడుగు కర్రకి కట్టిన వల వేసుకుని, స్కూటర్ మీద మా గట్టుకే వచ్చేశారు.

"ఏవండీ, ఒక్క పూట మీ రూలు తిరగేస్తాను. బంతి నీళ్లలో పడకపోతే మీవాడు అవుట్. చెరువులోకి ఎవరూ దిగరు, పూచీ నాది," అన్నారు నాన్నతో.

చెరువులో రొయ్య పంట ఉంది. నాన్న నీళ్లకేసి చూశారు, నాకేసి చూశారు. "సరే, కానివ్వండి మాస్టారూ," అని గట్టు చివర గొంతుక్కూర్చున్నారు.

మొదటి బంతికి నా చేతులు మళ్లీ ఆగిపోయాయి. ఒళ్లు మండింది. ఇవి నా చేతులేనా, నాన్నవా? కాసేపటికి తెగించి ఊపాను. బుడుంగుమంది. నాన్న గభాలున లేచి నిలబడ్డారు, మళ్లీ కూర్చున్నారు. సాయంత్రానికి చెరువు నిండా బంతులు తేలాయి. గాలికి ఒడ్డు చేరినవాటిని నాన్నే వలతో తీసిచ్చారు. తర్వాత రొయ్య తిన్నదీ లేనిదీ చూసుకునే మేత పళ్లేన్ని నీళ్లలోంచి పైకి లాగి, దాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు.

"ఒక్క గింజ మిగల్చలేదురా ఇవి!" అన్నారు వింతగా.

సెలక్షన్లలో నెగ్గాను. నా ఆటకి ఎప్పుడూ రాని నాన్న జిల్లా జట్టులో నా మొదటి మ్యాచ్‌కి వచ్చారు. కాళ్ల మీదకి బంతి వచ్చింది. చేతులు ఆగలేదు. బంతి ఫీల్డర్లకి దొరక్కుండా దూసుకుపోయింది. నేను మాత్రం బుడుంగుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించి, అక్కడే నిలబడిపోయాను. అవతలి బ్యాట్స్‌మన్ సగం దూరం వచ్చేసి లబోదిబోమంటున్నాడు. అప్పుడు బౌండరీ దగ్గర్నుంచి, రూలు పెట్టిన గొంతే గట్టిగా అరిచింది.

"పరిగెత్తరా! అక్కడ నీళ్లు లేవురా!"