మంచం ఎక్కడుంటే ఆట అక్కడ

మా క్యాంపు బాస్‌ను తిట్టినన్ని తిట్లు నేను జీవితంలో ఇంకెవర్నీ తిట్టలేదు. ఎదురుగా తిట్టాను, చాటుగా తిట్టాను, తెలుగులో తిట్టాను, నాకొచ్చిన కాస్త ఉర్దూలోనూ తిట్టాను. అరబ్బీ సరిగ్గా రాదు కాబట్టి ఆ ఒక్కటీ మిగిలిపోయింది. ఆయన చేసిన నేరమల్లా మా కాకను ఎదుటి క్యాంపుకు ఇచ్చేసి, బదులుగా ఒక పొడుగాయన్ని తెచ్చుకోవడం.

సౌదీలోని జుబైల్‌లో మా కంపెనీకి రెండు క్యాంపులు. మధ్యలో రోడ్డు, రోడ్డు పక్కన ఇసుక మైదానం, అందులో మేం పాతుకున్న వాలీబాల్ కోర్టు. ప్రతి శుక్రవారం ఎండ తగ్గాక రెండు క్యాంపులకూ పోటీ. ఎవరు ఏ జట్టు అన్నదానికి మాకు ఒకటే నియమం, మంచం ఎక్కడుంటే ఆట అక్కడ. ఏ దేశం, ఏ ఊరు, ఏ మతం అన్న లెక్క లేదు. నువ్వు ఏ క్యాంపులో పడుకుంటే ఆ క్యాంపుకే ఆడాలి. ఆట రానివాడు ఆ క్యాంపు తరఫునే అరవాలి. నాకు ఆట రాదు. స్కాఫోల్డింగ్ పని నాది. పైన పైపుల మీద నిలబడి, కిందనున్నవాడికి వినపడేలా అరిచి అరిచి నా గొంతు మైకు అక్కర్లేనంతగా తయారైంది.

కాక మా లిఫ్టర్. వాలీబాల్‌లో చప్పట్లన్నీ బంతిని నేలకేసి కొట్టే షూటర్‌కే పడతాయి. కానీ ఆ బంతిని నెట్ పక్కన, సరిగ్గా అతని చేతికి అందేంత ఎత్తున లేపి పెట్టేది లిఫ్టర్. కాక పనిలో పైప్ ఫిట్టర్. రెండు పైపుల అంచుల్లో ఉండే ఫ్లాంజీల బోల్టు రంధ్రాలను ఎదురెదురుగా తెచ్చినంత నేర్పుగా బంతిని తెచ్చి పెట్టేవాడు. బంతి ఆయన వైపు వస్తుందనగానే నేను "లేపు కాకా!" అని అరిచేవాణ్ణి. ఆయన లేపేవాడు. పదకొండేళ్లుగా ఇదే తంతు.

ఆయనది జగిత్యాల దిక్కు, మాకు రెండు ఊళ్ల అవతల. చుట్టరికం ఏమీ లేదు. నేను వచ్చిన కొత్తలో అన్నం మానేసి ఏడుస్తుంటే పళ్లెం తెచ్చి ముందు పెట్టి, "తిని ఏడువురా కొడుకా, ఏడ్చేటందుకు గూడ సత్తువ గావాలె" అన్నాడు. ఆ ముద్దతో ఆయన నాకు కాక, అంటే చిన్నాన్న అయిపోయాడు.

చలికాలం దాటగానే ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ తిరిగి రాకుండా, ఇంటికి వెళ్లిపోతానని కాక ముందే చెప్పాడు. ఆఖరి శుక్రవారం దాకా కోర్టులో నిలబడే పోవాలన్నది ఆయన పట్టుదల. "ఆఖరి బంతి లేపినంకనే విమానమెక్కుత" అనేవాడు. అట్లాంటి మనిషిని తీసి అవతలికి విసిరేస్తారా?

ఒక శనివారం డ్యూటీ దిగి రెండో అంతస్తులో ఉన్న మా రూముకు వెళ్లేసరికి కాక మంచం మీద ఎదుటి క్యాంపు షూటర్ పడుకుని ఉన్నాడు. పాకిస్తానీ పంజాబీ. మనిషి ఎంత పొడుగంటే మంచం అయిపోయాక కూడా ఇంకా రెండు పాదాలు మిగిలాయి. నన్ను చూసి లేచి కూర్చుని, బుద్ధిగా సలాం చెప్పాడు. నేను తిరిగి సలాం కూడా చెప్పకుండా, హెల్మెట్ తీయకుండానే కింద ఆఫీసులోకి దూకాను.

మా క్యాంపు బాస్ హైదరాబాదీ. రూములూ మంచాలూ మెస్సూ అన్నీ ఆయన చేతిలోనే.

"ఏంది భాయ్ ఇది? కాకను ఎవర్నడిగి ఇచ్చినవ్?"

"జట్టు కోసమే ఇచ్చిన మియా. ఆరడుగుల పైన షూటర్ వచ్చిండు. నువ్వు ఖుష్ గావాలె."

"కాక ఏమన్న మేకపిల్లనా, అంగట్ల పెట్టి మార్చుకునేటందుకు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఖలాస్. అయిపోయింది. పోయి చాయ్ తాగు" అన్నాడు.

ఆ రాత్రి మెస్సులో పప్పు కంటే మాటలే ఎక్కువ ఉడికాయి. సగం మంది నావైపు. మిగతా సగానికి నాయకుడు మా రూములోనే ఉండే కడప వెల్డర్. "ఏందన్నా ఈ అరుపులు? ఆయప్పకు వయసైపోయింది. పొడుగాటోడు వచ్చినాడు, గెలుస్తాం. గమ్మునుండు" అన్నాడు. నేను గమ్మునుంటానా! "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేటోడా! నిరుడు ఈద్ పండుగకు కప్పు గెలిచినప్పుడు ఎవలు లేపిండ్రురా బంతి?" అని మీదికి వెళ్లాను. తర్వాత శుక్రవారం దాకా మేమిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, చెరో గోడనూ చూస్తూ తిన్నాం. కాక వదిలివెళ్లిన ఏడో నంబరు చొక్కాను కొత్తాయనకు దక్కకుండా నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. అది ఆయనకు బొడ్డు దాకా కూడా రాదన్న సంగతి కోపంలో తట్టలేదు.

కాకను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. రోడ్డు మీద కనిపిస్తే ఆయనే నవ్వి, "అమ్మేసిండ్రురా నన్ను" అనేవాడు. నాకు ఏడుపొచ్చేది.

శుక్రవారం వచ్చింది. ఎదుటి జట్టులో కాకను చూసి సగం చచ్చాం, ఆయన బంతి లేపడం చూసి మిగతా సగం చచ్చాం. మా పొడుగాయన పాపం చేతులు పైకెత్తుకుని నెట్ దగ్గర నిలబడే ఉన్నాడు. బంతి ఒకసారి ఆయన నెత్తి మీది నుంచి పోయింది, ఒకసారి నడుముకు తగిలింది. చివరికి మావైపు తిరిగి, "భాయ్, గేంద్ కౌన్ దేగా?" అని దీనంగా అడిగాడు. బంతి ఎవరు ఇస్తారయ్యా అని. ముద్ద కలిపి పెట్టే చెయ్యి లేనప్పుడు నోరెంత పెద్దదైతే ఏం లాభం? చిత్తుగా ఓడాం. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

కడప వెల్డర్ తిరిగి వస్తూ దారిలో ఆరు రోజుల మౌనం విడిచాడు. "అన్నా, ఆయప్పను తెచ్చుకుందాం."

"ఎట్ల?"

"మంచం యాడుంటే ఆట ఆడేగదా. మంచం ఎత్తుకొస్తే సరి."

వాణ్ణి అక్కడే కౌగిలించుకున్నాను.

తర్వాతి గురువారం మాకు సగం పూటే పని. ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేసే కాకకు సాయంత్రం దాకా ఓవర్‌టైం ఉంది. నేను, కడప వెల్డర్, ఇంకో ఇద్దరు ఎదుటి క్యాంపుకు వెళ్లాం. గేటు దగ్గరి నేపాలీ కాపలాదారుతో క్యాంపు బాస్ ఆర్డరని అబద్ధం చెప్పాను. కాక రూము కింది అంతస్తులో, గేటు నుంచి పది అడుగుల్లో ఉంది. ఇనుప మంచం, పరుపు, పెట్టె, కుక్కరు, చెప్పులు, అన్నీ ఎత్తాం. మంచం కింద నొప్పుల నూనె సీసాలు మూడు కనిపించాయి. పెద్దవయసు కదా అనుకుని వాటినీ సంచిలో వేశానే తప్ప, అంతకంటే ముందుకు నా బుర్ర నడవలేదు.

రోడ్డు మీద నలుగురం మంచం మోసుకొస్తుంటే నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ బండాపి, ఎవరు పోయారని అడిగాడు. "పోయినోడు తిరిగొస్తున్నడు" అని కేకేశాను. మెట్ల మలుపుల దగ్గర మంచం తిప్పలేక చచ్చాం. ఎలాగో రెండు అంతస్తులు ఎక్కించి, పొడుగాయన మంచం పక్కన వేసి, దుప్పటి పరిచి, తలగడ తట్టి, తువ్వాలు కూడా మేకుకు తగిలించాం. పొడుగాయన మా అందరికంటే ఎక్కువ సంబరపడ్డాడు. బంతి ఇచ్చేవాడు వస్తున్నాడు మరి.

కాక బస్సు దిగి, మంచం మాయమైన సంగతి తెలుసుకుని మా క్యాంపులోకి వచ్చాడు. మేం మెట్ల పైన నిలబడి ఉన్నాం. ఆయన కింద కనిపించగానే నేను గొంతు చించుకుని, "లేపు కాకా! అడుగు లేపు!" అని అరిచాను. అందరూ ఈలలు వేశారు.

కాక తల ఎత్తి మెట్ల వైపు చూశాడు. తర్వాత రెయిలింగ్ పట్టుకున్నాడు. ఎడమ కాలు ఒక మెట్టు మీద పెట్టి, కుడి కాలును ఈడ్చి అదే మెట్టు మీదికి తెచ్చాడు. మళ్లీ ఎడమ కాలు, మళ్లీ అదే మెట్టు మీదికి కుడి కాలు. మొదటి మలుపులో ఆగి, జేబులోంచి ఫోన్ తీసి చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఫోన్ వెలగలేదు.

ఎన్ని నెలలుగా "మీరు నడువుర్రి, నేను ఫోన్ మాట్లాడి వస్త" అంటూ కిందే ఆగిపోయాడో అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున అందరికంటే ముందే లేచి దిగిపోయేది కూడా ఇందుకే. ఒకే రూములో పడుకుని నేను చూడలేదు. ఛీ, నా కళ్లు కాల!

పైకి వచ్చాక కాక నవ్వుతూ అందరినీ చాయ్ తెమ్మని కిందికి పంపాడు. నన్ను ఆపాడు. మంచం మీద కూర్చుని రెండు మోకాళ్లనూ చేతులతో పట్టుకున్నాడు.

"నేనే అడిగినరా. ఇక్కడ కింద మెస్సు, ఆఫీసు తప్ప రూముల్లేవు. అవతల ఉన్నయి. నేల మీద ఎంతసేపైన ఆడుత, రెండడుగులు అటు, రెండడుగులు ఇటు. గీ మెట్లే నాతోని అయితలేవు. భాయ్‌ను బతిమాలి మార్పించుకున్న."

"మరి అమ్మిండని ఎందుకు జెప్పినవ్ కాకా? నేను భాయ్‌ను ఎన్ని మాటలన్న!"

"భాయ్‌కు గూడ నేనే అట్ల జెప్పమన్న." కాక మోకాళ్లు రుద్దుకున్నాడు. "అమ్మిండ్రు అంటే ధర ఉన్నట్టురా. అరిగిపోయిండు అంటే ఏముంటది? పోయేముంగట నన్నెవ్వడు పాపం అనొద్దు. నువ్వు గూడ అనకు."

నేను సంచిలోంచి నూనె సీసా తీసి ఆయన చేతికిచ్చాను.

చాయ్ తెచ్చిన వాళ్లతో మంచం వాపసు పెట్టేద్దామన్నాను. ఎందుకని అడిగితే, సంగతి ముదీర్ దాకా పోతే నా పని ఊడుతుందని భయంగా ఉందన్నాను. ముదీర్ అంటే మా మేనేజర్. ఇంత నోరున్నవాడు పిరికివాడని తేలినందుకు వాళ్లకు పండుగే పండుగ. కడప వెల్డర్, "పులి అనుకుంటిమి, పిల్లివి గదన్నా!" అన్నాడు. ఆ పేరు నాకు ఇప్పటికీ పోలేదు. పోనీ. పిల్లి పిల్లే, మంచం మాత్రం కిందికి దిగింది.

తర్వాత ఆఫీసుకు వెళ్లి క్యాంపు బాస్ ముందు తలొంచుకుని నిలబడ్డాను. "మాఫ్ చెయ్ భాయ్" అన్నాను.

"నీ తిట్లల్ల రెండు మూడు కొత్తవి ఉండె. మా బావమరిదికి పనికొస్తయని రాసిపెట్టుకున్న" అన్నాడు ఆయన. తర్వాత గొంతు తగ్గించి, "మీ కాకను ఊకె ఇచ్చిననుకున్నవా? వాళ్ల క్యాంపు బాస్ ముగ్గురి పేర్లు జెప్పిండు. బెస్ట్ షూటర్ తప్ప ఇంకెవరొద్దన్న. ఆయన ధర తగ్గనిస్తనా మియా?" అన్నాడు. అంత మంచి మనిషిని ఎందుకు తిట్టానా అని సిగ్గుతో చచ్చిపోయాను.

కాక ఆఖరి శుక్రవారానికి రెండు క్యాంపులూ ఖాళీ అయి కోర్టు చుట్టూ చేరాయి. పొడుగాయన అప్పటికి మా కొత్త లిఫ్టర్‌తో కాస్త కుదురుకున్నాడు కాబట్టి పోటీ గట్టిగానే నడిచింది. చివరి సెట్టులో ఎదుటివాళ్లకు ఒక్క పాయింటు చాలు. బంతి వాళ్ల వెనక నుంచి కొంచెం పక్కకు వచ్చింది. కాక రెండడుగులు వేసి దాని కిందికి చేరాడు.

"లేపు కాకా!"

అరిచింది నేనే. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. కాక లేపాడు. బంతి నెట్ పక్కన ఆగినట్టే ఆగింది, వాళ్ల షూటర్ దాన్ని మావాళ్లిద్దరి మధ్యన దించాడు. ఓడిపోయాం.

మా క్యాంపు మొత్తం నావైపు తిరిగింది. కడప వెల్డర్ నా కాలరు పట్టుకుని, "నీ మంచం యాడుందన్నా? చెప్పు, యాడుంది?" అని ఊపేశాడు.

కాక మెల్లగా నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. "వాన్ని కొట్టకుర్రి. గంత పరేషానయితే వాన్ని గూడ మాకే ఇయ్యిర్రి."

"ఊకె ఇయ్యను" అన్నాడు క్యాంపు బాస్. "బదులు ఏమిస్తవ్?"

కాక ఒకసారి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత రెండు చేతులతో రెండు మోకాళ్ల మీదా చరుచుకుని, రెండు క్యాంపులకూ వినపడేలా అన్నాడు. "నా మోకాళ్లు తీసుకోర్రి! రెండూ ఇస్త. అరిగిపోయినయ్, మెట్లెక్కయ్, అయినా ధర తగ్గియ్య!"

జనం విరగబడి నవ్వారు. క్యాంపు బాస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా నవ్వాను. ఎవరికీ తెలియొద్దని నా ఒక్కడికే చెప్పిన మాటను, తను గెలిచిన కోర్టులో నిలబడి ఆయనే అందరికీ చెప్పేశాడు. ఒక్కడు కూడా పాపం అనలేదు.

"సౌదా పక్కా, బేరం కుదిరింది" అన్నాడు క్యాంపు బాస్. నా వీపు మీద ఒకటి వేసి, "పో, మంచం మోసుకో" అన్నాడు.

కాక విమానమెక్కడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ సాయంత్రమే పొడుగాయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని నా మంచాన్ని మెట్లు దించి, రోడ్డు దాటించి, కాక మంచం పక్కన వేశాం. ఆ నాలుగు రోజులూ నేను ఎదుటి క్యాంపు మనిషినే. రెండు అరిగిన మోకాళ్లకు అమ్ముడుపోయినవాణ్ణి జుబైల్ మొత్తం మీద నేనొక్కణ్ణే, అయినా అంత ధర నాకు మళ్లీ ఎవరూ కట్టలేదు.