తేమకు తీసిన తరుగు

ఈ పొద్దున నా బరువు రాసుకునే నోటుబుక్కు నిండిపోయింది. మా ఇంటామె చూసి, "ఏడేండ్ల సంది రోజు కాంటా ఎక్కుడు, రాసుడు. నిన్నేమన్న అమ్ముకపోతున్నమా?" అని ఎగతాళి చేసింది. కొత్తది తెరిచే ముందు అటక మీది మొట్టమొదటి బుక్కు దింపి చూశాను. దానిలో మొదటి నెల అంకెలన్నీ అబద్ధాలే. రాసింది నేనే.

మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు తూకం వేసిన దడవాయిని నేను. అంకెలు చిన్నప్పుడే వచ్చు గాని, అక్షరాలు యాభై దాటాక మా కోడలు నేర్పితే వచ్చాయి. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నా గుండె నీరసించింది. కాళ్లు ఉబ్బాయి, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేవాణ్ణి. వెల్లకిలా పడుకోవడం కన్నా పెద్ద కోరిక నాకు మిగల్లేదు. పాలమూరు దవాఖానలో మందులతో కాస్త తేరుకున్నాక ఒక డాక్టరమ్మ వచ్చింది. నాలాంటి గుండె జబ్బువాళ్లు ఇంట్లో రోజూ బరువు రాసుకుంటే మళ్లీ దవాఖాన పాలు కాకుండా ఉంటారా అని పరిశోధన చేస్తున్నామంది. గుండె సరిగా కొట్టకపోతే ఒంట్లో నీరు చేరుతుందట. అది కాళ్లలో కనబడకముందే కాంటా మీద కనబడుతుందట. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోను చేయాలి. ఒప్పుకోలు కాగితం ఆమె చదివి వినిపించబోతే లాక్కుని నేనే చదివాను. అరగంట పట్టింది. ఆమె విసుక్కోకుండా నిలబడింది.

"కాంటా సంగతి నాకే చెప్తున్నవా బిడ్డా?" అన్నాను. అంత పొగరు నాకు.

యార్డులో పల్లి బస్తా తూస్తే గోనెకింత, తేమకింత అని తరుగు తీసి, మిగిలిందే రాస్తాం. ముప్పై ఏళ్ల అలవాటు చేతిని వదులుతుందా? ఇంట్లో ఆమె ఇచ్చిన కాంటా ఎక్కి, లుంగీకీ బనీనుకూ అరకిలో తీసేశాను. తర్వాత బరువు పెరగసాగింది. నీరని డాక్టరమ్మే చెప్పింది కదా, నీరు నా బరువెట్లా అవుతుందని దాన్నీ తీసేశాను. బుక్కులో రోజూ యాభై ఎనిమిదే. నెల తిరిగేసరికి నన్ను ఆటోలోంచి దించడానికి ఇద్దరు పట్టవలసి వచ్చింది. డాక్టరమ్మ బుక్కు చూసింది, నా కాళ్లు చూసింది, కాంటా ఎక్కించింది. అరవై మూడు.

"ఏంది తాతా, ఐదు కిలోలు యాడ దాచినవ్?"

"తేమ కదమ్మా, తరుగు తీసిన."

ఆమె నవ్వలేదు. "నాకు కావల్సిందే గా తేమ. ఇంకో రెండు రోజులైతే నీ పాణం పోతుండె."

మా ఇంటామె వార్డంతా వినేలా అందుకుంది: "రైతులకు తీసింది సాలలేదా, నీకు నువ్వే తీసుకున్నవా?" పక్క మంచం మీది కల్వకుర్తి రైతు, చేతికి సెలైను సూది ఉండగానే, "మంచిగైంది!" అన్నాడు. తీరా డాక్టరమ్మ ఆరా తీస్తే, పరిశోధనలోనే ఉన్న అతనూ తన బరువులోంచి చొక్కాకూ గొంగడికీ తరుగు తీస్తున్నాడు! సూదిమందుతో నా నీరు దిగిపోయింది. ఆ పరిశోధనలో ఉన్న అందరి బుక్కుల మీదా ఆమె ఒక కొత్త మాట అచ్చు వేయించింది: "కాంటా చూపింది చూపినట్టే రాయండి, తరుగు తీయకండి." నా వల్ల అచ్చయిన మొదటి మాట అది.

ఆ చలికాలంలో ఒక పొద్దున కాంటా రెండు కిలోలు ఎక్కువ చూపింది. కాళ్లు సన్నగానే ఉన్నాయి, ఊపిరి బాగానే ఆడుతోంది. "నిన్న చింతకాయ తొక్కు దండిగ తిన్నవ్, గంతే" అంది మా ఇంటామె. చేయి తరుగు వైపే లాగింది. పళ్లు బిగబట్టి ఉన్నదున్నట్టు రాసి, ఫోను చేశాను. "నీళ్లు దించే గోలీ ఇంకోటేసుకో తాతా, రేపు మల్ల చెప్పు" అంది డాక్టరమ్మ. మూడో రోజుకు పాత బరువుకు దిగాను. ఈసారి దవాఖాన గడప తొక్కలేదు. పట్టపగలే వాకిట్లో చాప పరిచి, ఊరంతా చూసేలా వెల్లకిలా పడుకున్నాను.

పరిశోధన ముగిశాక డాక్టరమ్మ ఫోను చేసి, "గెలిచినం తాతా, రాసుకున్నోళ్లు మల్ల మల్ల దవాఖానకు రాలే" అంది. నేను రాయడం మాత్రం ఆపలేదు. అక్షరాలు రాని యాభై ఏళ్లలో ఏ రోజు ఎట్లా గడిచిందో నాకు తెలియదు. ఇప్పుడు మాత్రం కాలం నాకు చెప్పకుండా ఒక్క పొద్దు కూడా దాటడం లేదు.