నెల్లూరు పిల్ల ముందు

ధర్మపురి సంతలో బేరం చేసేటప్పుడు, తమిళ అంగడివాళ్లకు తెలియకూడని మాటలన్నీ మునెమ్మ తన మొగుడు గోవిందరాజుతో తెలుగులో అనేది. డాక్టరు చదువుతున్న కూతురు వినోదినిని చూడడానికి ఇద్దరూ మనీలా పోయినా, ఆ నోటికి అలవాటు పోలేదు.

బిడ్డ ఎముకల గూడులా ఉంది. అదే గదిలో ఉండే సాహితి అనే పిల్ల టీ తెచ్చి ఇస్తుంటే, ఆమె ముఖంలోకి చూసి నవ్వుతూనే మునెమ్మ మొగుడితో అంది: “చూడయ్యా, మన బిడ్డ కూడు కూడా ఇదే మింగతా ఉండాది.”

“అమ్మా, ఊరికే ఉండు. ఆ పిల్లది నెల్లూరు,” అంది వినోదిని తల దించుకుని.

మునెమ్మ నవ్వు ఆరిపోయింది. సాహితి మాత్రం కోపగించుకోలేదు. “ఆంటీ, రెండు నెలలుగా మీ అమ్మాయి కాలేజీకే రావడం లేదు. అన్నం కూడా నేను బతిమాలితేనే తింటుంది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.”

“పరీక్ష పోయిందమ్మా,” అంది వినోదిని. “మన ఊరు హరూర్ బస్టాండు కాడ నా పేరు ముందర డాక్టరని బ్యానరు కట్టించినావే. నీకు ఎట్ల చెప్పేది?”

“ఆ బ్యానరు పీకించేస్తాను, నువ్వు తిను,” అంటూ మునెమ్మ గిన్నెలో పెరుగన్నం కలిపి ముద్ద పెట్టబోయింది. వినోదిని మొహం తిప్పుకుంది. ఆ గిన్నె సాహితి అందుకుని పెడితేనే నోరు తెరిచింది.