ముద్దాయి తలగడ

చంకలో తలగడ లేకుండా మా తలగడ బాబాయిని ఎవరూ చూసి ఉండరు. గోదాములో పై అర నుంచి పెట్టె జారి ఆయన మెడ మీద పడితే, మేనేజరు రిజిస్టర్లో “ఇంట్లో తలగడ సరిగ్గా లేక మెడ పట్టేసింది” అని రాశాడు. పరిహారం అర్జీ తిరిగొచ్చింది. బాబాయి మర్నాడు ఆ తలగడతో పనిలోకి వచ్చాడు.

“ఇదేంటి బాబాయ్?”

“ముద్దాయి. ఒంటరిగా వదిలితే పారిపోతుంది.”

బస్సులో దానికి కిటికీ పక్క సీటు. ఇన్నేళ్ల కాపురంలో తనకే దక్కలేదని పిన్ని మా దగ్గర వాపోయేది. మెడ తిరగదు కనుక, పిలిస్తే బాబాయి మనిషంతా తిరిగేవాడు, తలగడతో సహా, గాలికి మబ్బు కదిలినట్టు మెల్లగా.

మధ్యాహ్నం అన్నాలయ్యాక రేకుల సందుల్లోంచి ఎండ చారలుగా దిగేది. అందులో దూది నలుసులు తేలుతుంటే, బాబాయి తలగడను హత్తుకుని కళ్ళు మూసుకునేవాడు. ఎవరైనా నడుం పట్టుకుని మూలిగితే మాత్రం, కళ్ళు తెరవకుండానే ఆరా తీసేవాడు. ఎన్ని గంటలకైంది, ఏ వరస, ఏం ఎత్తావు, చూసిందెవరు? కలవరింతలే అనుకుని, ఆయన చాచిన చీటీ మీద సంతకం గీకి వదిలించుకునేవాళ్ళం.

మొన్న నిచ్చెన మెట్టు విరిగి ప్యాకింగ్ అక్క పడింది. నడుం లేవలేదు. బిడ్డను ఎత్తుకుని నొప్పి తెచ్చుకుందని మేనేజరు రాశాడు. పరిహారం రాకపోతే ఆమె వైద్యం ఆగిపోతుంది. విచారణలో అధికారి ఆధారం అడిగితే అందరం నేలచూపులు చూశాం.

బాబాయి తలగడను బల్ల మీద పెట్టి కుట్టు విప్పాడు. “ముద్దాయి అప్రూవరుగా మారిందండీ.”

లోపల దూది లేదు. అన్నీ చీటీలే, మా అందరి మెడలూ నడుములూ. అక్క చీటీ తీశాడు. పదకొండుంపావు, నాలుగో వరస, మూడో మెట్టు. కింద సంతకాల్లో ఒకటి నాది. నాదేనని చెప్పాను. అర్జీ మంజూరైంది.

“మరి నీ చీటీ ఏది బాబాయ్?”

“నా రోజున చూసినవాళ్ళున్నారు గానీ, రాసినవాళ్ళు లేర్రా.”

ఆ రోజు పక్క వరసలో ఉన్నది నేనే. మాట మార్చడానికి, దూది లేకుండా ఎలా పడుకుంటున్నావని అడిగాను.

“గరగరమంటుంది. అయినా నిద్ర హాయిగా పడుతోంది.”

మీ పక్కన పనిచేసేవాళ్ళు దెబ్బ తగిలి మెడో నడుమో పట్టుకుంటే, రేపు చూద్దాం అనకండి. అప్పుడే రాయించండి, చూసినవాళ్ళు సంతకం పెట్టండి. మా బాబాయి తలగడలో ఇంక చోటు లేదు.